తాబేలు బుగ్గ మేస్త్రి

కట్టంగూర్ చౌరస్తాలో ఆయనకు ఫ్లెక్సీ కట్టారు. దినాలకని పోయి బస్సు దిగగానే ఎదురుగా అదే. మంత్రి వస్తే కట్టేంత ఫ్లెక్సీ! మెడలో తువ్వాలు, నల్ల కళ్లద్దాలు, ఆ దిక్కుమాలిన నవ్వు. కింద ‘అశ్రునివాళి’ అని పెద్ద అక్షరాలు, వాటి కింద పికప్‌లు, ట్రాలీలు నడిపే డ్రైవర్ల ఫొటోలు వరసగా. ఒక మెకానిక్ చచ్చిపోతే ఇంత ఫ్లెక్సీ ఎవరైనా కడతారా? రేపు నేను పోతే నా షాపు షటరుకు ఒక జిరాక్సు కాగితం అంటిస్తే గొప్ప. చనిపోయిన మనిషి బొమ్మ ముందు నిలబడి కుళ్లుకున్నాను. దాచుకోవడం దేనికి? ఆయన బతికున్నన్నాళ్లూ కుళ్లుకున్నాను, పోయాక మానేస్తే అది దొంగ మర్యాద అవుతుంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే నేను కూడా ఒక ఫ్లెక్సీ కట్టినట్టే. అందరూ మేస్త్రి అనేవాళ్లు, నేనూ అదే అంటాను.

నాదీ అదే పని. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివాను. హైదరాబాదులో ఒక పెద్ద సర్వీస్ సెంటర్లో కొన్నేళ్లు చేశాను. తెలంగాణ వచ్చాక మన ఊరికి మనం పోదామనిపించి, నల్గొండ బైపాస్ పక్కన సొంతంగా షాపు పెట్టుకున్నాను. నా దగ్గర స్కానర్ ఉంది. బండికి తగిలిస్తే ఎక్కడ తేడా ఉందో కోడ్ చూపిస్తుంది. మా చుట్టుపక్కల ఆ మిషన్ మొదట తెచ్చింది నేనే. మేస్త్రి దగ్గర ఏముంది? హైవే పక్కన రేకుల షెడ్డు, నట్లు తిప్పే నాలుగు పానాలు, ఒక నులక మంచం. ఆ మంచం మీద మాత్రం ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు కూర్చుని ఉండేవాళ్లు. నా షాపులో ప్లాస్టిక్ కుర్చీలు వేశాను, వాటి మీద దుమ్ము తుడుచుకునేది నేనే.

ఇక ఈ తాబేలు సంగతి చెప్పాలి. పాత పికప్‌లలో ఇంజన్‌కు ఏదైనా తేడా వస్తే స్టీరింగ్ ముందర మీటర్లో పసుపు రంగు లైటు వెలుగుతుంది. చెక్ ఇంజన్ లైటు అంటారు. దాని మీద ఉండే బొమ్మ ఇంజన్ బొమ్మే. కానీ మా దిక్కున ఎవరికీ అందులో ఇంజన్ కనబడదు. వీపు మీద డిప్ప, ముందుకు చాచిన మెడ, తాబేలే కనబడుతుంది. బల్బును మేం బుగ్గ అంటాం కాబట్టి అది తాబేలు బుగ్గ అయింది. తాబేలు ఇంట్లో జొరబడితే అరిష్టమంటారు కదా, ఇది బండిలో జొరబడ్డ తాబేలు. అందుకే ఆ బుగ్గ వెలిగితే డ్రైవర్ల మొహాలు మాడిపోతాయి. మా బాపు బండిలో అది మొదటిసారి వెలిగినప్పుడు మా అమ్మ తన బొట్టుబిళ్ల తీసి దాని మీద అంటించింది. “కనవడకపోతే లేనట్టే గదరా” అంది.

మేస్త్రి ఈ భయంతోనే ఆడుకునేవాడు. బండి షెడ్డు ముందు ఆగగానే ఏ మెకానిక్ అయినా బానెట్ తెరుస్తాడు. ఆయన తెరిచేవాడు కాదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, జ్వరం చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, “ఏమాయె, తాబేలు గుడ్లు వెట్టిందా?” అని అడిగేవాడు. అంతే, మాడిపోయిన మొహంలో నవ్వు పుట్టేది. ఇద్దరూ మంచం మీద కూర్చుని చాయ్ తాగేవాళ్లు. “ముందుగాలనే బానెట్ లేపొద్దు, బండి సిగ్గువడతది. జర మాట కలుపాలె” అనేవాడు.

తర్వాత డ్రైవర్‌నే నడపమనేవాడు. తాను పక్క సీట్లో చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకునేవాడు. ఇంజన్ చప్పుడు వింటున్నాడని జనం చెప్పుకునేవాళ్లు. వట్టిదే. ఆయన వినేది డ్రైవర్ మాటలు. బుగ్గ ఎక్కడ వెలిగింది, అప్పుడు బండిలో ఏం లోడుంది, డీజిల్ ఎక్కడ పోయించావు, మీ అవ్వ మోకాళ్లు ఎట్లున్నయి, బావిలో నీళ్లు పడ్డయా, ఇవన్నీ ఒకే తీరుగా, ఒకదాని వెంట ఒకటి అడిగేవాడు. డ్రైవర్ చెప్పుకుంటూ పోయేవాడు. “బుగ్గ అబద్ధమాడది. డ్రైవరే ఆడుతడు. ఆని నోరు తెరిపిస్తే చాలు, బానెట్ తెరిచినట్టే” అని ఆయన సిద్ధాంతం.

ఇంతా చేసి పట్టేవాడా? ఇక్కడే నాకు ఒళ్లు మండేది. చానాసార్లు పట్టేవాడు కాదు. డీజిల్ ఫిల్టర్ అనేవాడు, కాదని తేలేది. వైరింగ్ ఎలుక కొరికిందనేవాడు, ఎలుకా ఉండేది కాదు, కొరుకుడూ ఉండేది కాదు. తప్పు తేలగానే తన చెంప తానే టపామని కొట్టుకుని, “థూ, నా అకల్ల మన్నువడ! మల్ల సురు జేద్దాం పా” అనేవాడు. బండి ఓనరు పడీ పడీ నవ్వేవాడు. తన బండి బాగుకాకపోతే నవ్వడం ఏమిటండీ! అదే తప్పు నేను చేస్తే నవ్వుతారా? “ఏంది సారూ, గింత పెద్ద మిషిని వెట్టుకొని గిదేనా?” అని మొహం మీదే అనేవాళ్లు. ఆయన తప్పు చేస్తే ముచ్చట, నేను తప్పు చేస్తే మోసం. ఆ ‘సారూ’ అన్న పిలుపు కూడా చూడండి. ఆయన వాళ్లకు మేస్త్రి, నేను సారును. చేతులకు అదే గ్రీజు, అదే మసి, కానీ నన్ను ఒక్కడూ మేస్త్రీ అని పిలిచిన పాపాన పోలేదు.

నా స్కానర్‌కు ఆయన సోది మిషిని అని పేరు పెట్టాడు. తనకు అంతుపట్టని బండి వస్తే, “నల్గొండల మా అల్లుడున్నడు, పోయి సోది అడిగి రాపో” అని నా దగ్గరికి పంపేవాడు. వాళ్లు వచ్చేవాళ్లు, కోడ్ చూపించుకునేవాళ్లు, ఫోన్లో ఫొటో తీసుకునేవాళ్లు, బాగుచేయించుకోవడానికి మళ్లీ ఆయన దగ్గరికే పోయేవాళ్లు. సోది నాది, మొక్కులు ఆయనవి!

అల్లుడు అన్నాడు కదా. నేను ఆయనకు ఏమీ కాను. మా బాపూ ఆయనా ఎప్పుడో ఏదో అంగడిలో కలిసి ఒకరినొకరు బావా, బామ్మర్దీ అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. మా దిక్కున వరసలు అట్లాగే కలుస్తాయి. ఆ లెక్కన నేను అల్లుణ్ని. రోడ్డు మీద పది మందిలో “ఓ అల్లుడా!” అని కేకేస్తే నాకు చెవులు కాలిపోయేవి. నేను ఒక్కనాడూ మామా అనలేదు. నోరు రాలేదు.

మా బాపు గురించి కూడా కొంచెం చెప్పాలి, అసలు గొడవంతా ఆయన దగ్గరే ఉంది. మాది గొర్లు కాసుకునే ఇల్లు. బాపు ఎండకూ వానకూ గొర్ల వెంట తిరిగి, మోకాళ్లు అరిగాక ఒక పాత పికప్ కొని, ఊళ్లోవాళ్ల గొర్లను అంగళ్లకు చేరవేయడం పట్టుకున్నాడు. మాటల మనిషి కాదు. చిన్నప్పుడు నేను చూసినదల్లా, గొర్లతో మాట్లాడినంత కూడా మాతో మాట్లాడేవాడు కాదు. ఇప్పటికీ నా షాపుకు వస్తే “తిన్నవా?” అంటాడు. తిన్నానంటే “ఊఁ” అంటాడు. ఆ తర్వాత ఇద్దరం రోడ్డు మీద పోయే బండ్లను చూస్తూ కూర్చుంటాం. నేను మంచి మెకానిక్‌నో, పనికిమాలిన మెకానిక్‌నో ఆ నోటి నుంచి వినాలని నాకు షాపు తెరిచిన రోజు నుంచీ ఆశ. కొబ్బరికాయ కొట్టిన రోజు షటరు పైకెత్తి చూసి, “జాగ మంచిగున్నది” అన్నాడు. జాగ!

అట్లాంటి మనిషి తాబేలు బుగ్గ వెలిగిందని నా దగ్గరికే మొదట వచ్చాడు. ఆరోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అమ్మ అంటించిన బొట్టుబిళ్ల పీకి స్కానర్ పెట్టాను. ఫలానా సెన్సర్ అని చూపించింది. కొత్తది వేశాను, బుగ్గ ఆరిపోయింది. నల్గొండంతా తిప్పి చూశాను, వెలగలేదు. గొర్లను నింపుకుని అంగడికి పోయేసరికి మళ్లీ వెలిగింది. ఇంకో సెన్సర్ మార్చాను. “ఇగ రాదు బాపు, నాది గ్యారంటీ” అన్నాను. మళ్లీ వెలిగింది. బాపు ఒక్క మాట అనలేదు. అనకుండానే నా దగ్గరికి రావడం మానేశాడు.

ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన చెప్పాడు నాకు. “మీ బాపు బండి కట్టంగూర్ కాడ మేస్త్రి షెడ్డుల ఉన్నది గదా. ఏంది, నీ షాపు బందు వెట్టినవా?” అని నలుగురిలో అడిగాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. అది సామెతగా వింటే బాగానే ఉంటుంది, మనమే ఆ చెట్టయితే తెలుస్తుంది. అరికాలి మంట నెత్తికెక్కింది. షటరు సగం దించి, బైకు తీసుకుని కట్టంగూర్ పోయాను.

పోయేసరికి బాపు నులక మంచం మీద కూర్చుని మాట్లాడుతున్నాడు. చేతులు తిప్పుతూ, తొడ చరుస్తూ, ఎవరినో అనుకరిస్తూ, గలగలా మాట్లాడుతున్నాడు! ఏదో అని, నోరంతా తెరిచి నవ్వాడు. మా బాపుకు ఎడమ దవడలో పన్ను లేదన్న సంగతి నాకు ఆరోజే తెలిసింది. నా తండ్రి నోట్లో పన్ను ఎప్పుడు ఊడిందో ఈ మేస్త్రికి తెలుసు, నాకు తెలియదు. నన్ను చూడగానే బాపు నోరు మూసుకుని, తలగుడ్డ సవరించుకున్నాడు.

“అల్లుడొచ్చిండు! దా దా, మంచి టైముకొచ్చినవ్” అన్నాడు మేస్త్రి. “నువ్వు తప్పు జెప్పినవని మా బావ జెప్పలే, నేనే అడిగి తెలుసుకున్న. నేను గూడ ఇప్పటిదాంక తప్పే జెప్పిన, ఫికర్ జెయ్యకు. ఇగో, ఇంకో తప్పు జెప్పెతందుకు గుట్టదాంక పోతున్నం. ఎక్కు.”

“ఏడెక్కాలె? ముందట జాగ లేకపాయె” అన్నాను. ఇద్దరి మధ్య ఆయన పానాల డబ్బా, బాపు సద్దిగిన్నె ఉన్నాయి.

“ఎనక ఎక్కు. గొర్లు ఎక్కుతలేవా?”

బాపు నవ్వాడు. ఆ నవ్వుకు నేను ఏమనాలి? వెనక ఎక్కాను. పొద్దున్నే అంగడిలో గొర్లను దించి వచ్చిన బండి అది. కడగలేదు. పెంటికలు, తడి, ముక్కులు పగిలే వాసన. డాలా, అంటే వెనక తొట్టి, దాని చివర గొర్ల ఉచ్చ మడుగు కట్టి ఉంది. నేను ఇస్త్రీ చొక్కాతో, క్యాబిన్ వెనక ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

క్యాబిన్‌కు వెనక చిన్న అద్దం ఉంటుంది. అందులోంచి ఇద్దరి తలలు కనబడుతున్నాయి. మేస్త్రి కళ్లు మూసుకుని సీటుకు ఒరిగాడు. బాపు ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ, ఇంకో చేత్తో గాలిలో ఏవేవో గీస్తూ మాట్లాడుతున్నాడు. ఇంజన్ చప్పుడుకు ఒక్క ముక్కా వినబడదు. కట్టంగూర్ దాటినా ఆపలేదు, మట్టిరోడ్డు ఎక్కినా ఆపలేదు. నా జన్మలో ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ కుప్పపోసినా ఆ ప్రయాణంలో సగానికి రావు. మధ్యలో ఒకసారి ఇద్దరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. చూసి, మళ్లీ ముందుకు తిరిగారు. మేస్త్రి తల ఊపాడు. నా గురించే అన్నారు! ఏమన్నారు? తిట్టాడా? పనిరాదన్నాడా? ఆ అద్దం పగలగొట్టి చెవి లోపల పెట్టాలనిపించింది.

బండి గుట్ట ఎక్కి దిగుడులో పడింది. అప్పుడు డాలా చివర ఉన్న మడుగు కదిలింది. సన్నని కాలువలాగా నా బూట్ల పక్కనుంచి ముందుకు పారి, క్యాబిన్ మూల దగ్గర రేకు తుప్పుపట్టి పడ్డ బొక్కలోంచి కిందికి కారిపోయింది. నేను వంగి చూశాను. ఆ బొక్క కింద ఏముంటుందో నాకు తెలుసు. ఇంజన్ వైపు పోయే తీగల కట్ట. అద్దం మీద దబదబా కొట్టాను. సరిగ్గా అప్పుడే లోపల మేస్త్రి లేచి కూర్చుని మీటర్ వైపు వేలు చూపించాడు. తాబేలు వెలిగింది.

ముగ్గురం బండి కిందికి దూరాం. తీగల మీది తొడుగు కుళ్లిపోయి, రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. ఏళ్ల తరబడి గొర్ల ఉచ్చ దాని మీదే పడుతోంది. ఉప్పునీళ్లు తగలగానే రెండు తీగలు కలిసిపోతున్నాయి, ఇంజన్‌కు తప్పుడు కబురు పోతోంది, బుగ్గ వెలుగుతోంది. నేను మార్చిన సెన్సర్లు రెండూ మంచివే, వాటి దాకా పోయే దారి చెడ్డది. నల్గొండలో ఖాళీ బండిని సాఫు రోడ్డు మీద తిప్పితే అది ఎందుకు వెలుగుతుంది? గొర్లుండాలి, దిగుడుండాలి.

“దిగేకాడనే ఎలుగుతదని, ఎక్కేకాడ ఎలగదని మీ బాపు నాకిప్పుడే జెప్పిండు” అన్నాడు మేస్త్రి.

“నాకెందుకు చెప్పలే?” అన్నాను బాపుతో.

“నువ్వు అడుగలే” అన్నాడు బాపు.

నిజమే, అడగలేదు. మిషన్‌ను అడిగాను. సరే, అది వేరే సంగతి. కారడం చూసింది ఎవరు? నేను. గొర్ల ఉచ్చలో నిలబడింది ఎవరు? నేను. మేస్త్రి అయినా న్యాయం చెప్పాడు, అబద్ధం ఎందుకు? షెడ్డుకు రాగానే మంచం మీద కూర్చున్నవాళ్లందరికీ వినబడేట్టు, “నేను కండ్లు మూసుకొని కునుకుతున్న. పట్టింది మా అల్లుడు!” అని అరిచాడు. తీగలు కోసి కొత్తవి వేసి, పాత ట్యూబు ముక్క తొడిగి, బొక్కకు రేకు కొట్టింది కూడా ఇద్దరం కలిసే. మరి బాపు? అంగడి అంగడికీ పోయి, “తాబేలును మా బామ్మర్ది పట్టిండు” అని చెప్పుకున్నాడు. గొర్లు కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు, చివరికి అచ్చంపేట నుంచి మేకలను తోలుకొచ్చిన వాళ్లకు కూడా చెప్పాడట. వాళ్లలో ఒకడు నా షాపుకు వచ్చి, ఆ గొప్ప మేస్త్రి షెడ్డు ఎక్కడ అని నన్నే దారి అడిగాడు. చెప్పాను. తప్పుదారి చెప్పాలనిపించింది కానీ చెప్పాను.

బుగ్గ పోయింది, బాపు పోకడ మాత్రం పోలేదు. ఏ తేడా లేకున్నా బండి తీసుకుని షెడ్డుకు పోయేవాడు. గొర్లను దించి రాగానే అక్కడ, చాయ్‌కి అక్కడ, వాన పడితే అక్కడ. “బండి మంచిగనే ఉన్నది గదా, ఎందుకు పోతడే?” అని అమ్మను అడిగాను.

“బండి కోసం పోతుండా ఆయన?” అంది అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ. “ఆడ గూసుంటే పానం అల్కగైతదట. ఇంట్ల గూసుంటే బరువైతదా అని నేనడుగలే. నువ్వు గూడ అడుగకు.”

ఇంకొక రోజు చెప్పి ముగిస్తాను. ఒక మధ్యాహ్నం మేస్త్రి స్వయంగా నా షాపుకు వచ్చాడు. ఎవరిదో బండి తెచ్చాడు, సోది అడగడానికి. నా కుర్చీలోనే కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు చాపుకున్నాడు. గోడ మీది నా సర్టిఫికెట్ చూశాడు. వరసగా పెట్టిన పానాలు చూశాడు. ఆయన మొహంలో ఏదో కనబడింది. అది ముచ్చటో, కుళ్లో నాకు తెలియలేదు. కుళ్లయితే బాగుండుననుకున్నాను.

“అల్లుడా, మా బావ జెప్పినట్టే ఉన్నది నీ షాపు” అన్నాడు.

“ఏం జెప్పిండు?”

“ఏం జెప్పిండా! నీ ముచ్చట తప్ప ఇంకో ముచ్చట ఉన్నదా ఆ మనిషికి? మా కొడుకు గిట్ల, మా కొడుకు గట్ల. ఇని ఇని నా చెవులు తూట్లువడ్డయి. గుట్టకాడికి పోయిన్నాడు నువ్వు ఎనక నిలవడ్డవు సూడు, గప్పుడు గూడ గదే ముచ్చట.”

చేతిలోని స్కానర్ పక్కన పెట్టేశాను. “ఏమంటడు? ఒక్కటి జెప్పు.”

ఆయన నల్ల కళ్లద్దాలు నెత్తి మీదికి ఎత్తి నన్ను చూశాడు. నవ్వాడు. “అరె వా, గట్లెట్ల జెప్త? ఒట్టు వెట్టిచ్చుకున్నడు. కొడుకును మొఖం మీద మెచ్చుకుంటే దిష్టి తగుల్తదంట, ఆయుస్సు తగ్గుతదంట. మా బావ మాట నేను దాటుతనా?”

“మామా, జెప్పవా?” అన్నాను. ఎన్నేళ్లుగానో రాని మాట వచ్చేసింది, చూడండి నా గతి.

“మామా అన్నవ్, గది సాలు నాకు” అని లేచి, నా భుజం మీద గ్రీజు చెయ్యి వేసి, బండి ఎక్కి పోయాడు.

ఆ తర్వాత నా కుళ్లు రెండింతలైంది. అంతకు ముందు, బాపు ఆయనను మెచ్చుకుంటున్నాడని కదా నా బాధ. ఇప్పుడు నన్ను మెచ్చుకున్న మాటలు కూడా ఆయన చెవుల్లోనే పడుతున్నాయి! నా కోసం వండిన బువ్వ వాడు తిని, బాగుందిరా అని నాకు చెప్పి పోయినట్టుంది. ఆయన అనాలని మొదటి నుంచీ జాగ్రత్త పడుతున్నాను, ఇక్కడ వాడు అని వచ్చింది, అట్లాగే ఉండనీయండి.

మేస్త్రి ఛాతీలో నొప్పని దవాఖానకు పోయాడు, మళ్లీ రాలేదు. పాడె మోసిన వాళ్లలో మా బాపు ఒకడు. మోకాళ్లలో సత్తువ లేదు, వద్దన్నా వినలేదు. చితి అంటుకున్నాక ఒక పక్కకు పోయి, తలగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. మా తాత పోయినప్పుడు కూడా కన్ను తడవని మనిషి. చూస్తూ నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. నా గురించి మా బాపు అన్న మాటలన్నీ విన్న చెవులు ఆ మంటల్లో ఉన్నాయి కదా అన్న ఒక్క ఆలోచనే వచ్చింది. ఆ ఒట్టు ఒక్కరోజు తప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

దినాలు అయిపోయిన కొన్నాళ్లకు బాపు పికప్ నా షాపు ముందు ఆగింది. దిగలేదు. కిటికీలోంచి, “తాబేలు ఎలిగింది” అన్నాడు.

స్కానర్ తియ్యలేదు. బానెట్ తియ్యలేదు. పక్క సీట్లో ఎక్కి కూర్చుని, “నడుపు బాపు” అన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి గేరు వేశాడు. బైపాస్ దాటాం. ఎక్కడ వెలిగింది అని అడిగాను. “పొద్దుగాల” అన్నాడు. ఏం లోడు అన్నాను. “గొర్లే” అన్నాడు. మోకాళ్లు ఎట్లున్నయి అన్నాను. “ఊఁ” అన్నాడు. మేస్త్రి అడిగినవే అడుగుతున్నాను, అదే తీరుగా అడుగుతున్నాను, ఒక్క మాటకు మించి రావడం లేదు. రెండు వైపులా బత్తాయి తోటలు పోతున్నాయి, తాబేలు వెలుగుతూనే ఉంది. నలభై ఏళ్లు దాటినవాణ్ని, పిల్లల తండ్రిని, పరీక్ష రాసినవాడిలాగా ఉన్నాను. ఇక ఆగలేక అడిగేశాను.

“బాపు, మేస్త్రికి నా గురించి ఏం జెప్పెటోనివి?”

బాపు యాక్సిలరేటర్ మీది కాలు తీశాడు. బండి వేగం తగ్గింది. తలగుడ్డ కొసతో మొహం తుడుచుకున్నాడు.

“మస్తు జెప్పెటోన్ని” అన్నాడు. “ఆడు పాయె. ఇగ ఎవలకు జెప్పుకోవాలె, బిడ్డా?”

నేను పక్క సీట్లోనే ఉన్నాను.